ప్రస్తుతానికి బాగు

వెలుగుతున్న లైటును నమ్మని మనిషిని చూడాలంటే అమెరికాలో, ఆష్‌బర్న్‌లోని శేషగిరిగారింటికి వెళ్ళాలి. ఆరిన లైటంటే ఆయనకు గౌరవం. అది ఉన్నమాట చెబుతుంది. వెలిగేదాని మీదే అనుమానమంతా. రిటైరైన ఎలక్ట్రికల్ ఇంజనీరు కదా, ఏది బాగుచేసినా తెల్ల టేపు ముక్క అంటించి, దాని మీద ‘ప్రస్తుతానికి బాగు’ అని రాసి టైము వేస్తారు. వాళ్ళింట్లో ఫ్రిజ్ పదకొండేళ్ళుగా ప్రస్తుతానికే బాగుంది.

"నలభై రెండేళ్ళ కాపురం. నాకు మాత్రం ఒక్క టేపూ వెయ్యలేదు," అంటారు ఆయన భార్య ఉమామహేశ్వరి.

"నిన్ను రిపేర్ చేసిన రోజున కదా వేసేది."

వాళ్ళ బేస్‌మెంట్‌లో ఉంటున్న త్రివేణికి కొండల అవతల హారిసన్‌బర్గ్‌లో లైబ్రరీ ఉద్యోగం వచ్చింది. శనివారం ఒంటిగంటలోపు చేరి తాళాలు తీసుకోకపోతే అక్కడ చూసుకున్న ఇల్లు వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది. శేషగిరిగారు తన పాత పికప్ ట్రక్కునూ ట్రైలర్‌నూ వారం రోజులకు ఇచ్చారు. ట్రైలర్ నిండా పుస్తకాలే. అయితే త్రివేణి ఎప్పుడూ ట్రైలర్ లాగలేదు. నాలుగు రోజులుగా ఆమె కలలో ట్రైలర్ ముందు వెళుతోంది, తను వెనక పరిగెడుతోంది.

శనివారం తెల్లవారేసరికి వీధంతా పొగమంచు. ఎడమ ఇండికేటర్ వేస్తే ట్రైలర్ వెనక లైట్లన్నీ కలిసి మిణుకుమన్నాయి. మళ్ళీ వేస్తే బుద్ధిగా ఒక్కటే వెలిగింది. మూడోసారి ఏదీ వెలగలేదు. శేషగిరిగారి ముఖం మాత్రం వెలిగింది.

"గ్రౌండ్ వైరు, అదే మన ఎర్తు. తుప్పు దగ్గర దోబూచులాడుతోంది," అంటూ ఉప్పుకాగితం పట్టుకుని ట్రైలర్ కిందికి దూరారు.

త్రివేణి కాఫీ తాగి ఎనిమిదింటికి వచ్చేసరికి ఆయనింకా ట్రైలర్‌ని ట్రక్కుకి కలిపే ప్లగ్గును అటూ ఇటూ ఊపుతున్నారు.

"దొరికిందా అంకుల్?"

"ఇది నిలబడి ఉంటే దొరకదమ్మాయ్. రోడ్డెక్కాలి. నువ్వు డ్రైవ్ చెయ్, నేను కార్‌లో వెనకాలే వస్తూ చూస్తా."

"పోనీ మానేద్దామా? ఇల్లు ఇంకోటి చూసుకుంటా." ఆ మాటలో ఆశే ఎక్కువ వినిపించింది.

"మానేస్తే దీని సంగతి నాకెలా తెలుస్తుంది?"

తొమ్మిదింటికి బయలుదేరారు. మంచులోంచి నీలికొండలు ఒక్కొక్కటే తేలి వచ్చి, మళ్ళీ మునిగిపోతున్నాయి. రోడ్డు నేల మీద ఉందో మబ్బు మీద ఉందో తెలియడం లేదు. అద్దంలో మాత్రం శేషగిరిగారి హెడ్‌లైట్లు రెండూ కదలకుండా ఉన్నాయి. ఫోన్ స్పీకర్‌లో ఆయన గొంతు వినిపిస్తోంది.

"లెఫ్ట్ ఇండికేటర్ వెయ్. టెస్ట్ చేద్దాం."

"వేశా అంకుల్."

"ఇప్పుడు లెఫ్ట్ లేన్‌లోకి రా. ఖాళీగానే ఉంది. ఉత్తినే వేస్తే లైటుకి అనుమానం వస్తుంది."

లైటు అనుమానం తీర్చడానికి త్రివేణి లేన్ మారింది. రైట్ ఇండికేటర్ టెస్ట్ కోసం ఓ పెద్ద లారీని దాటి వచ్చింది. బ్రేక్ లైట్ల టెస్ట్ కోసం కొండదారి మొత్తం దిగింది. ఎక్కడో దారిలో స్టీరింగ్ మీద ఆమె పట్టు సడలింది, పాత పాటేదో కూనిరాగమైంది. స్పీకర్‌లోంచి ఆయన తాళం వేశారు.

పన్నెండుంబావుకి కొత్త ఇంటి ముందు ఆగారు. తాళాలు చేతికొచ్చాయి.

"లైట్లెలా ఉన్నాయి అంకుల్?"

"ఒక్కసారి కూడా తప్పు చెయ్యలేదు. నాకేం నచ్చలేదు."

త్రివేణి నవ్వుతూ ప్లగ్గు పీకబోయింది. పక్కనే తళతళలాడే కొత్త బోల్టు, దాని కింద టేపు: ‘గ్రౌండ్ ప్రస్తుతానికి బాగు. 7:10.’

ఆమె ఒకటికి రెండుసార్లు చదివింది.

"అంకుల్, ఇది పొద్దున ఏడూ పదికే బాగైపోయిందిగా?"

"అది ట్రైలర్ సంగతి," అని ఆయన కొండలకేసి చూశారు.

త్రివేణి ఆయన జేబులోంచి టేపు, పెన్ను తీసుకుంది. ‘డ్రైవర్ ప్రస్తుతానికి బాగు. 12:20’ అని రాసి ట్రక్కు డోర్‌కి అంటించింది.

శేషగిరిగారు కళ్ళజోడు సర్దుకుని చదివారు. పెన్ను అందుకుని ‘ప్రస్తుతానికి’ అన్న మాటను నిదానంగా కొట్టేశారు.

తర్వాత కారెక్కబోతూ వెనక్కి వచ్చి, ఎందుకైనా మంచిదని, బోల్టును మాత్రం ఓసారి ఊపి చూశారు.