ఐదు దాటితే డబుల్

ఒకే ఒక్క వాక్యంతో రైస్ మిల్లును మూయించే విద్య ఎవరికైనా కావాలంటే నా దగ్గరికి రండి. ఎనభైల చివర్లో, డిప్లొమా వేడి చల్లారకముందే మిర్యాలగూడ మిల్లులో సూపర్‌వైజరుగా చేరి, దాన్ని ప్రయోగించి చూశాను.

మా హమాలీలది రోజు కూలి. ఎండాకాలంలో తెల్లారకముందే వచ్చి, ఎండ ముదిరేలోపు లారీ నింపి వెళ్లిపోయేవారు. ఎప్పుడైనా పని పెరిగి సాయంత్రం దాకా మోసినా కూలి అంతే. అన్యాయం కదా! నిర్ణీత గంటలు మించితే ఓటీ, అంటే ఓవర్‌టైం కింద రెట్టింపు ఇవ్వాలని నేను చదువుకున్నాను. కానీ ఎవరెన్ని గంటలు చేశారో రోజూ ఎవరు రాస్తారు? అందుకని చట్టాన్ని నా బుర్రతో సులభం చేసి, 'సేటు సొమ్ము సూపర్‌వైజర్ దానం' అన్నట్టు ప్రకటించేశాను: "రేపటి నుంచి సాయంత్రం ఐదు దాటితే డబుల్ కూలి!"

హమాలీల మేస్త్రీ లచ్చయ్య కళ్లు చిట్లించాడు. "పక్కానా సారూ?"

"పక్కా."

"మాట మార్వవు గద?"

"నా మాటంటే శిలాశాసనం!"

మర్నాడు తెల్లారేసరికి మిల్లులో ఉన్నది నేనూ, పిచ్చుకలూ, బియ్యం కోసం వచ్చిన కోదాడ లారీ డ్రైవరూ. ఆ లారీ ఆ రోజే కదలకపోతే నా ఉద్యోగం ఊడుతుందని మిల్లు యజమాని సేటు ముందే చెప్పాడు. ఎండెక్కింది. ఒక్క హమాలీ జాడ లేదు.

"ఏమండీ, మీ హమాలీలు ఎండకి కరిగిపోయారా?" అన్నాడు డ్రైవరు.

రోషం పొడుచుకొచ్చి నేనే ఒక బస్తా వీపుకెత్తుకున్నాను. అది నన్ను పడేసి నా మీద కూర్చుంది. డ్రైవరు లాగకపోయుంటే ఈ కథ మీకు బస్తానే చెప్పేది.

సరిగ్గా ఐదింటికి లచ్చయ్య దండు దిగింది. స్నానాలు చేసి, తలలు దువ్వుకుని, పెళ్లికొచ్చినట్టు!

"ఇప్పుడా రావడం?" అని అరిచాను.

"ఐదు దాటితే డబులన్నవ్ గద సారూ! సల్లబడ్డది, కూలి గూడ డబులైంది. పొద్దుగాలొచ్చి మాడెటందుకు మేం పిచ్చోళ్లమా?"

అంతలోనే సేటు స్కూటరు వచ్చి ఆగింది. సంగతంతా విని ఆయన తల పట్టుకున్నాడు.

"మాటిచ్చినవ్, ఇగ ఇయ్యక తప్పదు. గానీ లారీ కదిలితేనే నీ నౌకరుంటది. పో, నువ్వు గూడ మొయ్యి!"

చీకటి పడేసరికి లారీ కదిలింది. నా నడుమే కదలడం మానేసింది. లచ్చయ్యకు జాలేసింది.

"సేటూ, సారు పొద్దుగాల్నుంచి గీడనే ఉన్నడు. గాయనకు ఓటీ రాదా?"

"ఎట్లొస్తది? ఓటీ కూలోళ్లకు. గీయన సూపర్‌వైజరు గద!"

బస్తాల మీద బోర్లా పడుకుని, నడుముకు ఆముదం రాయించుకుంటూ ఆ క్షణమే ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో మళ్లీ కూలి రేట్లు ప్రకటించను. తప్పనిసరై ప్రకటించాల్సి వస్తే, ముందు రాజీనామా ఇచ్చి హమాలీగా చేరతాను!