మధ్యలోంచి మొదలుపెట్టిన మా పెదనాన్న

పోయిన గురువారం కాదు, అంతకుముందు గురువారం పొద్దున ఛత్రపూర్‌లో మా ఆఫీసు మెట్లు ఎక్కుతుంటే పెద్దమ్మ ఫోన్ చేసింది. ఆవిడకి చూపు లేదు. ఫోనులో ఒక మీట గట్టిగా నొక్కి పట్టుకుంటే నాకు మోగేలా నేనే పెట్టి ఇచ్చాను. "ఒలే, మీ పెదనాన్న పలకట్లేదే. రెండుసార్లు పిలిసినాను. సెయ్యి సల్లగా ఉంది. నువ్వొచ్చీ" అంది. అంతే, ఏడవలేదు. నేనే ఆ మెట్ల మీద కూర్చుండిపోయాను. వెనక వచ్చేవాళ్ళు పక్కనుంచి తప్పుకుని వెళ్తున్నారు.

బరంపురం చేరేసరికి వీధిలో తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు అందరూ వచ్చి ఉన్నారు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడట. బాధ పడకుండా పోయాడు, అదృష్టవంతుడు అని ఎవరో అన్నారు. నాకు ఒళ్ళు మండింది. పడాల్సిన బాధంతా ఆయన ముందే పడ్డాడని వాళ్ళకేం తెలుసు?

మా నాన్నకి ఆయన అన్న. నాన్న నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది ఆయనా, పెద్దమ్మా. వాళ్ళకి పిల్లల్లేరు. ఆయన బరంపురంలో పెసలు, మినుములు టోకున అమ్మేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా పెదనాన్న నోరు ఏమంత మంచిది కాదు, అయినా ఊరు ఆయనకి మంచిదే. సావుకారు గోదాంలో కేకేస్తే గోపాలపూర్‌లో పడవలు ఒడ్డుకొచ్చేస్తాయని బజారులో వేళాకోళం చేసేవారు. తిట్టని రోజు లేదు, తిట్టాక టీ తాగించకుండా పంపిన మనిషీ లేడు.

గోదాంలో ఆయన చేతిలో ఎప్పుడూ ఒక ఇనుప గొట్టం ఉండేది, జానెడు పొడవు, ఒక కొస వాడి. బస్తాలోకి గుచ్చి లాగితే గుప్పెడు గింజలు అరచేతిలోకి జారతాయి. కొత్తగా వచ్చినవాళ్ళు బస్తా మూతి విప్పి చూడబోతే చెయ్యి పట్టి ఆపేవాడు. "మూతి సూసి మూట కొనకు. మూతి కాడ ఎవుడైనా మంచి గింజలే పోస్తాడు. నడుం కాడ గుచ్చి సూడు, సరుకేటో తెలుస్తాది" అనేవాడు. పెళ్ళి సంబంధాలకీ ఇదే సూత్రం, పుస్తకాలకీ ఇదే. నేను కొనుక్కొచ్చిన నవలని నడిమధ్య విప్పి రెండు పేజీలు చదివి, బాగుందనో తవుడనో తేల్చేసేవాడు. ఆ అలవాటు మీద నాకూ ఆయనకీ జరగని గొడవ లేదు.

మూడేళ్ళ కిందట గొంతులో పుండు తేలింది. విశాఖ తీసుకెళ్ళాం. స్వరపేటిక తీసేస్తే బతుకుతాడన్నారు, తీసేశారు. మెడ కింద ఊపిరి తీసుకోడానికి ఒక రంధ్రం మిగిలింది, దాని మీద తెల్ల రుమాలు కట్టుకునేవాడు. మాట పూర్తిగా పోయింది. టార్చిలైటంత మిషను ఒకటి ఇచ్చారు. దాన్ని మెడకి ఆనించి బొత్తాం నొక్కి, పెదాలు మామూలుగా మాట్లాడినట్టే కదిపితే మాట బయటికొస్తుంది. వస్తుంది గానీ ఆ గొంతు మనిషిది కాదు, డబ్బాలో తుమ్మెద చిక్కినట్టుంటుంది. ఆసుపత్రిలో ఒక్కసారి పెట్టుకుని చూశాడు. తన పేరు చెప్పుకున్నాడు. విని, మిషను మంచం మీద పెట్టేసి, పలక తీసుకుని "నేను కాదు" అని రాశాడు.

ఇంటికొచ్చాక ఎనిమిది నెలలు పలక మీదే నడిపాడు. నాకు రాసేవాడు, గుమస్తాకి రాసేవాడు. మరి పెద్దమ్మకి? అప్పటికి నాలుగేళ్ళుగా నీటికాసులతో ఆవిడ చూపు పోయింది, వెలుతురూ చీకటీ తప్ప ఇంకేమీ తెలియదు. ఆవిడ ఏదైనా అడిగితే ఆయన ఆవిడ చేతి మీద వేలితో కొట్టేవాడు. ఒకసారి కొడితే ఔను, రెండుసార్లయితే కాదు. నలభై అయిదేళ్ళ కాపురం ఔను కాదుల్లోకి వచ్చేసింది. ఆయన గదిలో ఉన్నాడో లేడో ఆవిడకి తెలిసేది కాదు. "ఉన్నారేటి?" అని గాల్లోకి అడిగేది. ఆయన మంచం కోడు మీద ఒక దెబ్బ కొట్టేవాడు. ఆవిడ సరేనని ఊరుకునేది. కొన్నాళ్ళకి అడగడం కూడా తగ్గించేసింది. నాకది చూస్తే భయం వేసేది. మిషను పెట్టుకోమని బతిమాలాను, అరిచాను, రెండు రోజులు అన్నం మానేశాను. పలక మీద అదే మాట, నేను కాదు.

ఇక్కడ నా పిచ్చి సంగతి ఒకటి చెప్పాలి. కాలేజీ రోజుల నుంచి నాకు జపాను వాళ్ళ యానిమే, అంటే బొమ్మల సినిమాల పిచ్చి. అందులోనూ ఒక పాత కథ ఉంది, సైబర్‌పంక్ అంటారు. రాబోయే కాలం, ఎప్పుడూ వాన కురిసే పట్నం, మనుషుల ఒంట్లో సగం మిషన్లు. అందులో ఒక దర్యాప్తు అధికారిణి, ఒళ్ళంతా యంత్రమే, మెదడు ఒక్కటే సొంతం. దానికి ఒక సినిమా, రెండు సిరీసులు, మళ్ళీ కొత్తగా తీసినవి ఇంకొన్ని ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కొత్తవాళ్ళు బెదిరిపోతారు. అందుకని నేనొక పట్టీ రాసుకున్నాను. ముందు సినిమా, తరవాత మొదటి సిరీసు, తరవాత రెండోది, ఓపికుంటే కొత్తవి. వరస తప్పితే ఏమీ అర్థం కాదు, చూడకపోయినా నష్టం లేదు, వరస తప్పి మాత్రం చూడొద్దు అని అందరికీ చెప్పేదాన్ని. ఆఫీసులో ఇద్దరితో ఈ విషయం మీద మాటలు కూడా మానేశాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం లాప్‌టాప్ టీవీకి కలిపి ఆ సినిమా పెట్టుకుంటున్నాను. పెదనాన్న వచ్చి కుర్చీలో కూర్చుని, ఏమిటది అన్నట్టు గెడ్డం ఎగరేశాడు. ఎంత సంతోషం వేసిందో! పట్టీ అంతా వివరంగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, మౌసు నా చేతిలోంచి లాక్కుని మొదటి సిరీసు తెరిచి, కిందికి దొర్లించి, సరిగ్గా నడిమధ్య భాగం మీద నొక్కాడు.

"అయ్యో రామా, అది కాదు పెదనాన్నా! మొదలు తెలీకుండా అదేటి సూస్తావు?"

పలక మీద రాశాడు: "నడుం దగ్గర గుచ్చుతున్నా. నువ్వు చదువు."

కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు తెలుగులో చెప్పడం నా పని. పెద్దమ్మ కూడా మంచం మీంచి వింటోంది. మధ్య మధ్య "ఇప్పుడేటి సేస్తందే ఆ పిల్ల?" అని అడుగుతోంది. ఆ భాగంలో అధికారిణి శరీరం ఒక పేలుడులో పాడైపోతుంది. ఆమె మెదడుని ఇంకో శరీరంలో పెడతారు. ఎత్తు వేరు, ముఖం వేరు, గొంతు కూడా వేరే. అలా తన ఆఫీసుకి వెళ్తే గుమ్మంలో ముసలి కాపలావాడు అడ్డం నిలబడతాడు, నువ్వెవరు అంటాడు. ఆమెకి చిర్రెత్తుకొస్తుంది. బొత్తాలు ఎప్పుడైనా సరిగ్గా పెట్టుకున్నావా, మూతికి అంటిన గంజి తుడుచుకో, అని నాలుగు తిడుతుంది. వాడు చప్పున తలుపు తీసి సలాం కొడతాడు.

పెద్దమ్మ అడిగింది. "తలుపు తీసాడేటి?"

"తీశాడు పెద్దమ్మా."

"గొంతు వేరే అన్నావు కదే?"

"వేరేదే. ఆ మనిషి గొంతే కాదు."

"అయితే ఏటి? తిట్టు పాతదే కదా. తియ్యక సేత్తాడేటి మరి" అంది పెద్దమ్మ, చాలా మామూలుగా. అని, చీర చెంగుతో ముఖం తుడుచుకుని అటు తిరిగి పడుకుంది. పెదనాన్న బలపం కింద పెట్టి ఆవిడ వైపు తిరిగి కూర్చున్నాడు. నాకు మాత్రం వరస తప్పి చూశామన్న కోపం తగ్గలేదు, టీవీ కట్టేశాను.

మర్నాడు పొద్దున రైలుకి టైమవుతోందని జడ వేసుకుంటున్నాను. వంటింట్లోంచి తుమ్మెద రొద మొదలైంది. తరవాత మాట వచ్చింది.

"ఒలే. ఉప్మాలో ఉప్పేదే? మర్సిపోయినావేటి?"

గిన్నె కిందపడిన చప్పుడు వినిపించింది. దువ్వెన పట్టుకునే పరిగెత్తాను. పెదనాన్న పీట మీద కూర్చుని ఉన్నాడు, మెడకి మిషను ఆనించి. పెద్దమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఉంది.

"ఏసినాను! పిడికెడు ఏసినాను! నాలిక సచ్చింది మీకు, నాదేటి తప్పు?" అని కయ్యిమంది పెద్దమ్మ.

"రుసి తెలీదా నాకు? పెసలు కొరికి ఏ ఊరి పంటో సెప్పినోణ్ణి!"

"సెప్పినోరే! ఇప్పుడు సెప్పండి!"

ఆ ఆపరేషను తరవాత వాసన తెలియదు, రుచి సగం పోతుంది. తప్పు ఆయనదే. కానీ ఎనిమిది నెలల మాటలు ఇద్దరి దగ్గరా నిలవున్నాయి. ఉప్పు దగ్గర మొదలై, వాళ్ళ పెళ్ళిలో విడిదింటి మర్యాదల దాకా వెళ్ళింది ఆ గొడవ. పెద్దమ్మ తిడుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే ఆయన కంచంలో ఇంకో గరిటె వడ్డించింది. ఆ రోజు నా రైలు తప్పిపోయింది. పోతే పోనీ అనుకున్నాను.

చాలా రోజుల తరవాత ఒకసారి గోపాలపూర్ తీసుకెళ్ళినప్పుడు అడిగాను, ఇన్నాళ్ళూ ఎందుకు మొండికేశావని. గాలికి ఇసక మెడలోకి పోకుండా రుమాలు ఒక చేత్తో పట్టుకున్నాడు, రెండో చేత్తో మిషను పట్టుకున్నాడు. "నన్ను గుర్తెట్టడానికి దానికి మిగిలింది నా గొంతొక్కటే. అదీ మార్సి ఇచ్చేస్తే ఇంక నేనెవుణ్ణే దానికి?" అన్నాడు. సముద్రం హోరులో ఆ మాట సరిగ్గా వినబడక రెండోసారి చెప్పించుకున్నాను. ఆ పాపం నాది.

తరవాత రెండేళ్ళు బతికాడు, తిట్టుకుంటూ బతికాడు. ఫోన్ చేస్తే అవతలివాళ్ళు ఏదో కంపెనీ రికార్డు అనుకుని కట్ చేసేసేవారు. మళ్ళీ చేసి, ముందు ఒక తిట్టు తిట్టి, అప్పుడు సంగతి చెప్పేవాడు. రైతులు మొదట్లో బెదిరి, "ఆజ్ఞా, ఆఉ థరే" అంటూ ఒడియాలో ఇంకోసారి చెప్పమనేవారు. తరవాత తరవాత మెసిన్ సావుకారు అని పేరే పెట్టారు. ఆ పేరుకి ఆయన మురిసిపోయాడు కూడా.

ఆ యానిమే అంతా మేం ముగ్గురం చూశాం. ఒక ఆదివారం చివరి భాగం, ఇంకో ఆదివారం మూడోది, ఎక్కడ ఆయన వేలు పడితే అక్కడ. నేను మొదట పెట్టమని పోరిన సినిమా అన్నిటికన్నా ఆఖర్న చూశాం. అయిపోయాక మిషను ఎత్తి, "ఇది ముందు సూపించి ఉంటే అరగంటకి నిద్దరోదును" అన్నాడు. పెద్దమ్మ అప్పటికే నిద్రపోయింది. ఆయన పోవడానికి కొద్ది రోజుల ముందే ఆఫీసులో ఒకమ్మాయి ఎక్కడ మొదలుపెట్టాలి అక్కా అని అడిగింది. నీ ఇష్టం, ఎక్కడైనా మొదలుపెట్టు, ఎవరైనా పక్కన ఉన్నప్పుడు చూడు అన్నాను.

నిన్న పన్నెండో రోజు అయింది, చుట్టాలు వెళ్ళిపోయారు. సాయంత్రం పెద్దమ్మ నన్ను పిలిచి మంచం మీద కూర్చోమంది. "ఆ మిషను ఉందేటి? నీ మెడకి ఎట్టుకో. ఓసారి పిలు నన్ను" అంది.

ఎవరి మెడకి ఆనించినా దాని గొంతు అదేనని నాకు తెలుసు. వద్దు పెద్దమ్మా అన్నాను. పిలవమంది. ఊపిరి బిగబట్టి, బొత్తాం నొక్కి, పెదాలు కదిపాను.

"ఒలే."

అచ్చం అదే గొంతు. పెద్దమ్మ ముఖం చటుక్కున గుమ్మం వైపు తిరిగింది, పక్కనే ఉన్న నా వైపు కాదు. నేను తప్పు చేశాననుకుని బొత్తాం వదిలేశాను. కాసేపటికి ఆవిడ నెమ్మదిగా నవ్వింది.

"నువ్వే. ఆయన కాదు."

"ఎలా తెలిసింది?"

"పిలిసి ఊరుకున్నావు కదే. ఆయనైతే ఎనకాలే తిట్టొస్తాది."

అంత బాగా తెలిసి కూడా ఆవిడ ముఖం ఇటు తిప్పలేదు. దీపాలు పెట్టే వేళ దాకా గుమ్మం వైపే చెవి పెట్టుకుని కూర్చుంది.