తాళ్లతో కట్టేసిన బండి

చిన్నప్పుడు అన్నతో కలిసి ఆడిన తుపాకుల ఆటను లాప్‌టాప్‌లో మళ్ళీ మొదలుపెట్టాను. గ్రహాంతరవాసులతో యుద్ధం. అప్పట్లాగే ఆయుధాలకూ బండ్లకూ ర్యాంకులు వేస్తున్నాను. నీలం నిప్పులు కక్కే తుపాకీ ఇప్పటికీ మొదటిదే, అందులో వాదన లేదు. ఇంతలో నాలుగు చక్రాల బండి నీళ్ళు చిమ్ముకుంటూ దూసుకెళ్ళింది. ఆ చప్పుడుకి కోట ఊరి దగ్గరి మా రొయ్యల గుంట కళ్ళముందుకొచ్చింది.

గుంటలో చక్రాలతో నీళ్ళు చిలికే ఏరేటర్లు కూడా అలాంటి బండ్లేననీ, పారిపోకుండా నాయన వాటిని తాళ్ళతో కట్టేశాడనీ అప్పట్లో నా నమ్మకం.

"నాయనా, తాడు విప్పితే ఎంత స్పీడు పోతాది?" అని అడిగాను.

"యాడికీ పోదమ్మా. అది తిరగతా ఉంటేనే రొయ్యకి ఊపిరి."

ఓ మబ్బు పట్టిన మధ్యాహ్నం కరెంటు పోయింది. చక్రాలు ఆగిన కాసేపటికి రొయ్యలు గుంపులుగా పైకి తేలాయి. నాయన పరిగెత్తి జనరేటరు హ్యాండిల్ తిప్పాడు. అది దగ్గి ఆగిపోయింది. మూడోసారికి అందుకుంది. చక్రాలు తిరిగాయి, గుంటంతా తెల్లగా నురగ లేచింది. కాసేపటికి రొయ్యలన్నీ మెల్లగా అడుక్కి దిగిపోయాయి. నేను నోరు తెరుచుకుని గట్టు మీదే నిలబడిపోయాను.

ఇంటికెళ్ళి, బండ్ల జాబితాలో ఒకటో నంబరు కొట్టేసి "ఏరేటర్" అని రాశాను.

"దానికి తుపాకీ కూడా లేదు గదే!" అని అన్న పడీ పడీ నవ్వాడు.

ఇవాళ కొత్త జాబితా అన్నకు పంపాను. అందులో బండ్లు రెండో నంబరు నుంచే మొదలయ్యాయి. ఒకటోది ఏదని అన్న అడగలేదు.