వెనక సీటులో గ్రేసమ్మ గారు

మొన్న కాన్వెంట్ జంక్షన్ దగ్గర సిగ్నల్ పడితే ఆగాను. పక్కన ఏదో బండి వచ్చి నిలిచింది. తల తిప్పకముందే వాసన ముక్కుకు తగిలింది. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసుకునే పాత బండ్లకు మాత్రమే ఉండే వాసన అది. నూనె మాడినట్టుంటుంది, అయినా నాకు కమ్మగానే ఉంటుంది. చూస్తే సరిగ్గా మా బండి లాంటిదే: సన్నటి ఎర్ర ట్యాంకు, వంగిన హ్యాండిలు, రెండు పక్కలా రెండు సైలెన్సర్లు. నా ఎడమ కాలు దానంతటదే గేరు రాడ్ కోసం వెతుక్కుంది. నేను కూర్చున్నదేమో గేర్లు లేని స్కూటర్ మీద! నవ్వొచ్చింది. ఆ వెంటనే కుడి భుజం మీద ఎవరో తట్టినట్టయింది. వెనక సీటు ఖాళీ. గ్రేసమ్మ గారు పోయి చాలా ఏళ్ళయింది.

ఎనభైల నడిమి రోజులవి, ఉక్కు కర్మాగారం ఇంకా లేస్తూ ఉంది. ఎలమంచిలి నుంచి వచ్చి అందులో కొత్తగా చేరాను. ఉక్కునగరంలో క్వార్టర్ రాలేదు కనుక పూర్ణా మార్కెట్ వెనక సందులో గది తీసుకున్నాను. అక్కడి నుంచి షిఫ్టుకి వెళ్ళడమంటే బస్సు దయ. బండి కావాలి. కానీ నాకు ఏ బండి పడితే అది అక్కర్లేదు. మా సందు చివరి ఇంటి వరండాలో, పాత దుప్పటి కింద నిలబెట్టి ఉన్న ఆ ఎర్ర బండే కావాలి. కొత్తలో కుర్రకారు దాన్ని రేసు బండి అనేవారట. ఆ దుప్పటి గాలికి లేచినప్పుడల్లా తొంగి చూసేవాణ్ణి.

ఆ ఇల్లు గ్రేసమ్మ గారిది. పోర్టు ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరుగా చేసేవారు. చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకుని రోజంతా ఊరి గొంతులన్నీ విని, ఎవరిని ఎవరికి కలపాలో కలిపే ఉద్యోగం. బండి వాళ్ళాయన డేవిడ్ గారిది. ఆయన ఓడల మరమ్మతు యార్డులో పనిచేసి, అంతకు కొంతకాలం ముందే గుండెపోటుతో పోయారు. బండి కోసం ఎంతమంది వచ్చినా ఆవిడ ఇవ్వలేదని సందంతా చెప్పుకునేవారు. నేనూ వెళ్ళి నిలబడ్డాను.

"స్టార్ట్ సెయ్యి బాబూ," అన్నారు.

కుడి వైపు చూశాను. కిక్ రాడ్ లేదు. ఎడమ వైపు గేరు రాడ్ ఒక్కటే ఉంది. వంగి బండి కింద కూడా వెతికాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆ గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్ రాడ్ అవుతుందని కనిపెట్టేసరికి నాకు చెమట పట్టింది. బండి అందుకుంది. వరండా అంతా పొగ.

"ఏటి ఇనిపించింది?" అని అడిగారు.

ప్రశ్నలు కొనేవాడు అడగాలి గానీ అమ్మే మనిషి అడగడమేమిటి? అయినా చెప్పాను. "కుడి పక్క కంటే ఎడమ పక్క కొంచెం బొంగురుగా ఉందండి."

ఆవిడ నన్ను పరీక్షగా చూశారు. "వచ్చినోళ్ళందరూ రేటు తగ్గించమన్నారు. ఒక్కడూ ఇన్లేదు. ఇస్తాను బాబూ, గానీ ఒక మాట. ఆదివారం ఆదివారం నన్ను ఎనకాల ఎక్కించుకుని చర్చికి తీసుకెళ్ళు. అట్నుంచి యారాడ కొండెక్కుదాం. బండి నీ సేతికి వచ్చిందని నాకనిపించిన రోజు, నీ పేరుకి మార్చడానికి సంతకం పెడతాను. అనిపించలేదనుకో, నీ డబ్బులు నీకు ఇచ్చెత్తాను, నా బండి నాకు వదిలెయ్యి."

ఇలాంటి బేరం ఎక్కడైనా ఉందా? ప్లాంటులో నా పక్కన పనిచేసే అప్పలరాజు విని పడీ పడీ నవ్వాడు. "బావా, బండితో పాటు ఆవిడని కూడా కొన్నావేటి?" అన్నాడు. నేను పట్టించుకోలేదు. ఆ బండి మీద మనసు పడిపోయింది. ఆవిడ ఇంకేం అడిగినా ఒప్పుకునేవాణ్ణే.

మొదటి ఆదివారం తెల్లచీర కట్టుకుని, చేతిలో బైబిలూ టిఫిన్ డబ్బా పట్టుకుని, ఒక పక్కకి కూర్చున్నారు. కుడి చెయ్యి నా భుజం మీద వేశారు. సందు దాటామో లేదో భుజం మీద ఒక తట్టు. పడిపోతున్నారేమోనని బండి ఆపేశాను. "ఆపకు! గేరు మార్చమని. ఒకసారి కొడితే పెంచు, రెండుసార్లు కొడితే తగ్గించు," అన్నారు. ఆ రోజంతా భుజం మీద తట్లే తట్లు. నిజం చెప్పాలంటే ఒళ్ళు మండింది. నాకు చెవులు లేవా?

ఆ మాటే అడిగేశాను. మల్కాపురం దాటాక, కొండ ఎక్కే ముందు బండిని కాసేపు చల్లారనిచ్చే చోట.

"ఎందుకాంటీ ఊరికే కొడతారు? నాకు ఇనబడతంది కదా?"

ఆవిడ టిఫిన్ డబ్బా మూత తీసి వేయించిన వంజరం చేప ముక్క నా చేతిలో పెట్టారు. "ఆయనకి ఇనబడేది కాదు బాబూ," అన్నారు.

యార్డులో ఓడల ఇనప రేకుల మీద సమ్మెట దెబ్బల మధ్య బతికి బతికి, డేవిడ్ గారికి బండి కొనే నాటికే చెవులు పోయాయట. ఇంజన్ మొర పెట్టుకుంటున్నా ఆయనకు తెలిసేది కాదు. అందుకని ఆవిడ వెనక కూర్చుని విని, చేత్తో చెప్పేవారు. హ్యాండిలు ఆయనది, చెవులు ఆవిడవి. "ఆఫీసులో ఊరందరికీ ఇనేదాన్ని. ఆదివారం ఆయనొక్కడికే ఇనేదాన్ని," అని నవ్వారు. ఆ పూట నుంచి తట్టు మీద విసుక్కోలేదు. ఆవిడ ఎప్పుడు తడితే అప్పుడు మార్చాను.

చిత్రమేమిటంటే, అంత బుద్ధిగా ఉన్నా బండి మాత్రం నాకు లొంగలేదు. కొండ సగంలో ఏటవాలు మలుపు ఒకటుంది. అక్కడికి వచ్చేసరికి ఆవిడ రెండుసార్లు తట్టేవారు, నేను గేరు తగ్గించేవాణ్ణి, బండి కీచుమని అరిచి, వేడెక్కి, ఆగిపోయేది. ఆ ఆదివారం ఆగింది, తర్వాతి ఆదివారమూ ఆగింది. ప్లగ్గు మార్చాను, ఆయిల్ పాళ్ళు సరిచూశాను, కార్బురేటర్ విప్పి కడిగాను. అయినా అదే మలుపు, అదే చోటు. ఆవిడ దిగి, రాయి మీద కూర్చుని, బండి వంక దిగులుగా చూసేవారు.

"నీకు పలకట్లేదు బాబూ ఇది," అన్నారు చివరికి. "వచ్చే వారం కూడా సూద్దాం. అప్పుడు కూడా ఇలగే అయితే ఇంక ఆశ పెట్టుకోకు."

డబ్బు తిరిగి వస్తుంది, నిజమే. కానీ బండి పోతుంది. అంతకంటే, ఎందుకు ఆగుతోందో తెలియకుండానే పోతుంది. అది నన్ను మరీ తినేసింది. ఆ శనివారం షిఫ్టు దిగాక ఒక్కణ్ణే కొండకు వెళ్ళాను. వెనక ఆవిడ బరువుకు బదులు గోనెసంచిలో ఇసుక కట్టుకున్నాను. మలుపు వచ్చింది. తట్టే చెయ్యి లేదు. గేరు ఎప్పుడు మార్చాలో తోచక, తోచేదాకా విందామని ఊరుకున్నాను. ఇంజన్ శబ్దం బరువెక్కింది గానీ తడబడలేదు. మలుపు సగం తిరిగాక అప్పుడు ఎడమ సైలెన్సర్ బొంగురు ఒక్కసారి తగ్గింది. ఆ క్షణాన గేరు తగ్గించాను. బండి హాయిగా పైకి వెళ్ళిపోయింది. దిగి మళ్ళీ ఎక్కాను. మళ్ళీ అంతే.

గ్రేసమ్మ గారి హాల్లో డేవిడ్ గారి ఫోటో ఉండేది. నాలాంటి వాళ్ళు ఇద్దరు పట్టేంత మనిషి. అప్పుడు అర్థమైంది. ఆవిడ తట్టు తప్పు కాదు. అది ఆయన బరువుకు తగిన తట్టు, నా బరువుకు ముందే పడేది.

ఆవిడతో ఇది చెప్పడం ఎలా? చెప్పలేకపోయాను. ఆదివారం మలుపు దగ్గర భుజం మీద రెండు తట్లు పడ్డాయి. మార్చలేదు. మళ్ళీ రెండు, ఈసారి గట్టిగా. పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను. ఎడమ పక్క బొంగురు తగ్గేదాకా ఆగి, మార్చాను. బండి ఆగలేదు. కానీ భుజం మీది చెయ్యి తీసేశారు. అయిపోయింది, బండి పోయింది అనుకున్నాను. కొండ మీదికి ఎక్కి అవతల వైపు దిగుతున్నా ఆ చెయ్యి మళ్ళీ భుజం మీదికి రాలేదు. ఇక ఉండబట్టలేక ఆపేశాను.

ఆవిడ దిగలేదు. ఎడమ వైపుకి చూస్తూ అలాగే కూర్చున్నారు. కింద యారాడ తీరం, దాని మీద ఎండ, దూరంగా పోర్టు కోసం ఆగి ఉన్న ఓడలు.

"ఇన్నేళ్ళూ ఈ రోడ్డు మీద సముద్రం సూడ్లేదు బాబూ నాను," అన్నారు. "ఎప్పుడూ ఈ ఇంజన్నే ఇంటా ఉన్నాను."

తర్వాత కళ్ళు తుడుచుకుని, "నాను ఆయన బండికి కొడతన్నాను. నువ్వు నీ బండి ఇన్నావు. రేపు సాయంత్రం ఇంటికి రా, సంతకం పెట్టెత్తాను," అన్నారు. ఆనందంతో ఎగిరి గంతెయ్యాల్సిన వాణ్ణి, ఏడ్చాను.

సంతకం అయ్యాక కూడా ఆదివారాలు ఆగలేదు. ఆవిడకి మోకాళ్ళు పట్టేసేదాకా వెనక ఎక్కించుకుని తిప్పాను. మళ్ళీ ఎన్నడూ భుజం తట్టలేదు. సముద్రం చూసేవారు, వేయించిన చేప పెట్టేవారు, పాటలు పాడేవారు.

ఆ తర్వాత నా ఉద్యోగమంతా రోలింగ్ మిల్లులో గడిచింది. ఎర్రగా కాలిన ఇనుము రోలర్ల మధ్య నలిగే ఆ హోరు నా చెవులను కొద్దికొద్దిగా తీసుకుపోయింది. మొన్న సిగ్నల్ దగ్గర ఆ బండి శబ్దం నాకు వినబడలేదు, అందుకే ముందు వాసన తగిలింది. ఇంటికి వచ్చి, మా బండి మీది గుడ్డ తీసి, మా ఆవిడ కమలను రమ్మన్నాను. ఈ కథ తనకి కంఠతా వచ్చు. వెనక కూర్చుని, చెప్పకుండానే నా కుడి భుజం మీద చెయ్యి వేసింది. వీధి చివర ఒక తట్టు పడింది. గేరు మార్చాను.