నాలుగో రోజు

పక్కింట్లో ఎండుచేపలు వేయిస్తున్నారు. ఆ ఘాటుకు ఇవాళ మల్లమ్మ గుర్తొచ్చింది. రాయచూరులో నేను పనిచేసిన బియ్యం మిల్లులో ఎలుకలు పట్టే మనిషి ఆమె. ధాన్యంలో తేమ చూసి చీటీ రాయడం నా పని. కాలువ కింద సాగుకు వలస వచ్చిన రైతుల క్యాంపు నుంచి కొత్తగా వచ్చిన నాకు అక్కడ తెలిసినవాళ్లు లేరు.

మల్లమ్మ బోనులో ఎండుచేప పెట్టి, తలుపు పడకుండా దారంతో కట్టేసేది. "అదేంటి పెద్దమ్మా, కట్టేస్తే ఎలకెలా పడుద్ది?" అన్నాను ఒకనాడు.

"మూడొద్దులు ఉత్తగనె తిననీ బిడ్డా. ఆశ ఒక దిక్కు గుంజుతది, భయం ఒక దిక్కు. భయం పాతవడెదాంక సబర్ పట్టాలె."

నాలుగో రోజు దారం విప్పింది. తెల్లారేసరికి బోను నిండింది.

ఆ ఏడే కొత్త మేనేజరు వచ్చాడు. నా బల్ల దగ్గర ఫ్యాను పెట్టించాడు, శనివారాలు ఊరి బస్సు అందుకొమ్మని పెందలాడే పంపేవాడు. నాకు సంతోషంగానే ఉండేది. ఒక మధ్యాహ్నం ఖాళీ చీటీల కట్ట నా ముందు పెట్టి, "సంతకాలు చేసెయ్యమ్మా, అంకెలు మేం వేసుకుంటాం" అని పక్కగదిలోకి వెళ్లాడు. ఇంత మంచివాడికి కాదని ఎలా చెప్పను? పెన్ను తీశాను. బోను పట్టుకుని పోతున్న మల్లమ్మ గుమ్మంలో ఆగింది.

"గిది ఎన్నో దినం బిడ్డా?"

పెన్ను మూసేసి, కట్టను సంతకాలు లేకుండానే తిరిగిచ్చేశాను. ఆ సంతకాలు ఇంకో గుమాస్తా చేశాడు. ఆ చీటీలతో కొన్న తడి ధాన్యం గోదాములో నల్లబడ్డాక నింద అతని మీదే పడింది, ఉద్యోగం పోయింది.

అప్పటినుంచి ఎవరు నవ్వినా నాకు అనుమానమే. జ్వరంతో అద్దె గదిలో పడి ఉంటే మల్లమ్మ మూడు రోజులు జొన్న గంజి తెచ్చింది. మూడో రోజు అడిగేశాను: "ఇదంతా ఎందుకు? నా దగ్గర నీకేం కావాలి?"

ఆమె గిన్నె కింద పెట్టింది. "ఏమొద్దు బిడ్డా" అని వెళ్లిపోయింది.

జ్వరం తగ్గి నేను మిల్లుకు వెళ్లేసరికి పని మానేసి దేవసూగూరులో కూతురింటికి చేరిందన్నారు. సిగ్గు చంపుకుని వెళ్లాను. నన్ను చూడగానే కూర్చోబెట్టి రొట్టె, పప్పు పెట్టింది. ముక్క నోట్లో పెట్టుకోగానే ఏడుపొచ్చింది.

"తిను బిడ్డా. భయమొక్కదాని మాటె ఇంటె కడుపెట్ల నిండుతది?"

ఎవరైనా మంచి చేస్తే ఇప్పటికీ నాలో ముందు లేచేది అనుమానమే. ఒకసారి నన్ను కాపాడింది కనుక దాన్ని పొమ్మనలేను. కానీ పెట్టిన వస్తువునే చూస్తూ కూర్చోను. పెట్టిన మనిషి ముఖంలోకీ చూస్తాను.