కాన్పుల గది నేలకు రాసిచ్చిన హామీ

ఈ ఉదయం కామారెడ్డిలో సర్కారు ధాన్యపు గోదాములో ఉన్నవాళ్ళం ఐదుగురం: గుత్తేదారు, అతని మేస్త్రి, చౌకీదారు, మూడు నెలల క్రితం నా దగ్గర చేరిన సబ్ ఓవర్సీరు నరహరి, నేను. ఉన్న వస్తువులు నాలుగు: కుంగిన చోట పైకెత్తి సరిచేసిన కంక్రీటు నేల, నేల సమంగా ఉందో చూసే రసమట్టం, హామీ కాగితం, నాలుగడుగుల ఇనుప సలాక. కొత్త సున్నం తడి వాసన గదంతా నిండి ఉంది. నరహరి సలాక ఎత్తి, గడులు గడులుగా పోసిన ఆ నేలలో ఒక గడి మీద కొట్టాడు. టంగుమంది. పక్క గడి మీద కొట్టాడు. ఎండిన సొరకాయ బుర్రను వేలితో కొట్టినట్టు డొబ్‌మని మోగింది. గుత్తేదారు తన హామీ గురించి ఏదో చెబుతూనే ఉన్నాడు. నాకు గంగారాం మేస్త్రి ముఖం తప్ప ఇంకేమీ తోచలేదు.

ఆయన మీకెవరికీ తెలిసిన మనిషి కాదు. ఎల్లారెడ్డిలో పుట్టి, నలభై ఏళ్ళు రాళ్ళతో, సున్నంతో బతికి, చివరికి సర్కారు కట్టడాల శాఖలో, మా కామారెడ్డి సెక్షనులో మేస్త్రిగా ఉన్నాడు. సన్నని మనిషి. తెల్లని మీసాలు, చెవి సందున ఒక బీడీ, తలకు దుమ్ముపట్టిన రుమాలు. నేను ఇరవై రెండేళ్ళ వయసులో హైదరాబాదు నుంచి చదువు ముగించుకొని వచ్చి ఓవర్సీరుగా ఆయనకు పై అధికారినయ్యాను. నలుగురిలో నన్ను ‘సారూ’ అనేవాడు. ఎవరూ లేనప్పుడు ‘బిడ్డా’ అనేవాడు. నేను మాత్రం ఎప్పుడూ ‘బాపూ’ అనే పిలిచాను.

మా వైపు నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. దాని మీద పోసిన కంక్రీటు నేల రెండు మూడేళ్ళలో ఏదో ఒక పక్కకు కుంగుతుంది. దాన్ని పగలగొట్టి మళ్ళీ పోయకుండా, ఒక్కొక్క గడినీ జాకీలతో పైకెత్తి, అడుగున మొరం కూరి, మిగిలిన సందుల్లో ఇసుక కలిపిన పలుచని సున్నం పోసి నింపడం అప్పుడప్పుడే గుత్తేదార్లకు పట్టుబడుతున్న పని. పని ముగించి వాళ్ళు హామీ కాగితం రాసిచ్చేవారు. ఆ కాగితంలో ఎంత బలం ఉందో చూసి, పనిని ఒప్పుకోవడమో తిప్పికొట్టడమో మా బాధ్యత. కాగితం నేను చదివేవాణ్ణి. గంగారాంకు చదువు రాదు.

నాకు మొదటి పాఠం రామారెడ్డిలో అయింది. అక్కడి చావడి నేలను ఎత్తించి, ఒక గుత్తేదారు ఉర్దూలో నిండుగా రాసిన కాగితం ఇచ్చాడు. నేను పైనుంచి మొదలుపెట్టాను. గంగారాం చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆయన ఇచ్చేది తర్వాత సదువు సారూ. ముందుగాల ఇయ్యనిది సదువు.”

నేను అడుగు భాగానికి వెళ్ళాను. ఎలుకలు తవ్వినా, నీరు చేరినా, నేల కదిలినా తనకు బాధ్యత లేదని గుత్తేదారు రాసుకున్నాడు.

“నేల కదిల్తెనే గదా కంక్రీటు కుంగేది?” అన్నాడు గంగారాం అతని వైపు తిరిగి. “మరి దేనికిస్తున్నవయ్యా హామీ? పిడుగు వడ్డదానికా?”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. గుత్తేదారు ముఖం ముడుచుకొని, “ఏడు నెలలు రాసిచ్చిన మేస్త్రీ, తక్కువా?” అన్నాడు.

“దీపావళి అయినంక ఇస్తివి. ఏడు నెలలకు మిరుగు వానలు రాకముందే నీ హామీ ఒడుస్తది. ఆ ఏడు నెలలల్ల ఒక్క వాన సుక్కన్న ఉన్నదా? నెలలు గాదు, వానలు రాయి. రెండు వానకాలాలు రాయి.” ఆ తర్వాత ఆయన గొంతు తగ్గించి అడిగాడు: “రేపు కుంగితె ఎవరొస్తరు? పేరు చెప్పు. ఏ ఊరు? ఎన్ని దినాలల్ల వస్తరు?”

ఆ రాత మారేదాకా ఆయన అక్కడినుంచి కదలలేదు. నేను కళాశాలలో సిమెంటు బలాన్ని లెక్కగట్టడం నేర్చుకున్నాను. మాట బలాన్ని లెక్కగట్టే పద్ధతి ఆ చావడిలో చూశాను. ఆ వారమే నా నోటు పుస్తకంలో మూడు ప్రశ్నలు రాసుకున్నాను: ఏమి మినహాయించాడు? ఎన్ని వానలు? ఎవరొస్తారు?

కాగితం తర్వాత సలాక. ప్రతి గడి మీదా ఐదు చోట్ల కొట్టాలి, నాలుగు మూలలు, ఒక నడిమి. అంచుల నుంచి మొరం కూరితే మూలలు గట్టిపడతాయి, నడుమ డొల్ల మిగిలిపోతుంది. చూపుకు అంతా సమంగానే ఉంటుంది, రసమట్టం కూడా తప్పు పట్టదు. చెవికే తెలుస్తుంది. గంగారాం కొట్టేవాడు, తలెత్తి నా వైపు చూసేవాడు, తర్వాత ‘గట్టి’ అనో ‘డొల్ల’ అనో చెప్పేవాడు. ప్రతి దెబ్బకూ అలా చూడటం ఆయన అలవాటు. నేను శ్రద్ధగా ఉన్నానో లేదో పరీక్షిస్తున్నాడనుకొని మరింత శ్రద్ధగా నిలబడేవాణ్ణి.

రెండో ఏడు ఒకనాడు ఎల్లారెడ్డి బాటన మేమిద్దరం నడుస్తున్నాం. వెనక మోటారు బస్సు హారన్ మోగిస్తూ వస్తోంది. ఆయన పక్కకు జరగలేదు. చెయ్యి పట్టి లాగాను. బస్సు దుమ్ము రేపుకుంటూ వెళ్ళాక, “వానికి తొవ్వ సాలదా ఏంది?” అని విసుక్కున్నాడు. ఆ తర్వాత గమనించడం మొదలుపెట్టాను. ఎడమ పక్కనుంచి పిలిస్తే పలకడం లేదు. అడిగిన దానికి నవ్వి ఊరుకుంటున్నాడు. పెద్దాయనను అడిగి చిన్నబుచ్చడం ఎందుకని నేనూ ఊరుకున్నాను.

ఆ ఎండాకాలం ఎల్లారెడ్డి ఊరి చివర, ఒక దాత కట్టించి సర్కారుకు అప్పగించిన నాలుగు పడకల ఆసుపత్రిలో కాన్పుల గది నేల ఎత్తించారు. పని చేసిన గుత్తేదారు జుక్కల్ వైపు మనిషి, శంకర్రావు. పరీక్షకు వెళ్ళిన రోజు అతను వాకిట్లోనే నన్ను పక్కకు పిలిచాడు.

“మీ మేస్త్రికి చెవులు పోయినయంట గదా సారూ. ఊర్లె అనుకుంటున్నరు. ఇంజనీరు సాబుకు తెలిస్తే ఇంటికి తోలుతడు, పాపం.”

“ఎవరన్నారు?” అన్నాను కోపంగా. “ఆయనలాంటి చెవి ఈ తాలూకాలో ఎవరికీ లేదు.”

కాగితం మచ్చలేనిది. నేల కదిలినా తనదే బాధ్యత, రెండు వానకాలాలు, ఎనిమిది రోజుల్లోగా తానే వస్తాడు. గంగారాం తృప్తిగా తలాడించి సలాక అందుకున్నాడు. మంత్రసాని లచ్చవ్వ గుమ్మానికి ఆనుకొని చూస్తోంది. యాభై ఏళ్ళ మనిషి, నోటి దురుసు; ఆ ఊళ్ళో సగం మంది పిల్లలు ఆమె చేతుల మీదుగా పుట్టినవాళ్ళే.

“ఎంతసేపు కొడ్తవ్ మేస్త్రీ? నేల మాట్లాడుతదా?”

ఆమె గుమ్మంలో ఎదురుగానే ఉంది కాబట్టి, పెదవులు చూసి కాబోలు, ఆయన వెంటనే జవాబిచ్చాడు. “మాట్లాడుతది లచ్చవ్వా. నీ లెక్క గట్టిగ ఒర్రది, గంతే.”

కిటికీ కింద రెండో గడి నడిమిన సలాక పడింది. డొబ్‌మంది. నాకు స్పష్టంగా వినిపించింది. గంగారాం తలెత్తి నన్ను చూశాడు. శంకర్రావు కూడా నన్నే చూస్తున్నాడు. ఇప్పుడు ఆయన చెప్పకముందే నేను కనుబొమ్మ కదిపినా, ఊళ్ళో అనుకునేది నిజమని నా చేతులతో రాసిచ్చినట్టే. నేను ముఖం రాయి చేసుకున్నాను. ఆయన ఒక క్షణం ఆగి, “గట్టి” అన్నాడు. నేను సంతకం పెట్టాను.

గుత్తేదారుకు విడిగా చెప్పి ఆ గడి నింపించాలనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఆ సాయంత్రం చేయవలసిన పనుల జాబితాలో దాన్ని ఏడోదిగా రాసుకున్నాను. మర్నాడు నన్ను డోంగ్లి వైపు బాట పనికి పంపారు. జాబితాలో మొదటి ఆరు పనులూ ముగించేలోగా మిరుగు వానలు వచ్చాయి.

మూడో వానకు ఆ గడి నడిమికి విరిగి కుంగింది. లోపల ఒక ఆడమనిషి నొప్పులు పడుతోంది. లచ్చవ్వ వేణ్ణీళ్ళ కాగు పట్టుకొని పొయ్యి దగ్గరినుంచి గదిలోకి వస్తూ సరిగ్గా అప్పుడే అక్కడ కాలు వేసింది. బిడ్డ క్షేమంగా పుట్టింది. లచ్చవ్వ తుంటి ఎముక విరిగింది.

శంకర్రావు కబురందిన ఐదో రోజుకే వచ్చాడు. ఎనిమిది రోజుల దాకా కూడా ఆగలేదు. గడి తీయించాడు, అడుగున మొరం పోసి దిమ్మిసతో కొట్టించాడు, కొత్త కంక్రీటు పోయించాడు. పోతూ పోతూ, “కాగితంల ఉన్నదంత జేసిన సారూ. ఇంకేమన్న బాకీ ఉన్నదా?” అని అడిగాడు. లేదన్నాను. అతని హామీ నేలకు. తుంటి ఎముక మాట అందులో ఎక్కడా లేదు. మేము అంతవరకు చూసిన ఏ కాగితంలోనూ లేదు.

గంగారాం ఆ గదిలో కొత్త గడి పక్కన గొంతుక్కూర్చున్నాడు. మేమిద్దరమే ఉన్నాం. నన్ను ఎదురుగా కూర్చోమని, నా పెదవులు చూస్తూ అడిగాడు.

“ఆనాడు నీకు ఇనవడ్డదా బిడ్డా?”

“వినపడింది బాపూ.”

“డొల్లనేనా?”

“డొల్లే.”

ఆయన కొత్త గడిని అరచేత్తో తడిమాడు. తర్వాత, “రెండేండ్ల సంది నాకు ఇనవడ్తలేదు,” అన్నాడు. “కొడుత, నీ మొఖం జూస్త. డొల్లగ మోగితె నీ కనుబొమ్మలు ముడిచేటోనివి. అది జూసే చెప్పేటోణ్ణి. గా దినం నీ మొఖంల ఏం లేకుండె. గట్టిదనుకున్న.”

“అందరి ముందర మీ మాట పోతుందని...” అన్నాను.

“నా మాట నిలవెట్టినవ్. ఆమె కాలు?”

కోపంతో అన్న మాట కాదది. అందుకే ఇన్నేళ్ళయినా దాన్ని తట్టుకోలేకపోతున్నాను. తర్వాత ఆయనే నా భుజం మీద చెయ్యి వేసి, “తప్పు నాది బిడ్డా. చెవుడొచ్చిందని నీతోనన్న చెప్పకపోతి. సిగ్గువడ్డ. నువ్వేమో మర్యాద జూస్తివి,” అన్నాడు. ఆ మధ్యాహ్నమే కామారెడ్డి వెళ్ళి, ఎవరూ అడగకముందే ఇంజనీరు గారి ఎదుట నిలబడి తనకు వినపడదని చెప్పి పని మానుకున్నాడు. నేను కూడా జరిగినదంతా రాసి ఇచ్చాను. నాకు ఒక మందలింపు కాగితం వచ్చింది. ఆయనకు అది కూడా రాలేదు. ఎవరూ ఆయనను ఏమీ అనలేదు.

మరుసటి వారం ఆయన లచ్చవ్వ ఇంటికి వెళ్ళినప్పుడు నేనూ వెంట ఉన్నాను. ఆమె మంచంలో ఉంది. ఆయన చెప్పినదంతా విని, “చెవుటోని చేతికి సలాక ఎందుకిచ్చిండ్రు మీ సర్కారోళ్ళు?” అంది. నా వైపు చూపించి ఆయనతో, “ఈయనకు చెవులున్నయ్, నోరు లేదు. నీకు నోరున్నది, చెవుల్లేవు. నాకు రెండూ ఉండె, కాలు వాయె. ముగ్గురం కలిసి గూడ ఒక మనిషి గామాయె,” అంది. నవ్విందనుకున్నాను. ముఖం గోడ వైపు తిప్పుకొని ఏడ్చింది. “కాన్పులు జేయకుంట నేనేం జెయ్యాలె గంగన్నా?” అని మాత్రం అడిగింది.

ఆ ప్రశ్న ఆయనకు వినపడలేదు. నేను ఎదురుగా కూర్చుని, పెదవులు నిదానంగా కదుపుతూ చెప్పాను. ఆయన లేచి వెళ్ళిపోయాడు. పది రోజులు కనబడలేదు. పదకొండో రోజు ఒక బండితో వచ్చాడు. మద్ది చెక్కతో చేసిన పీట, నాలుగు చిన్న ఇనుప చక్రాలు, వెనక పట్టుకొని తొయ్యడానికి అడ్డకర్ర. ఆమె లేచి కూర్చోగలిగిన నాటి నుంచి పొద్దున్నే ఆమెను పీట మీద కూర్చోబెట్టి ఆసుపత్రికి తోసుకెళ్ళేవాడు, సాయంత్రం తిరిగి తెచ్చేవాడు. అక్కడ ఆమె మంచం పక్కన కూర్చుని, కొత్తగా వచ్చిన పిల్ల చేత అన్నీ చేయించేది. నోటితోనే కాన్పులు చేసేది. దారిపొడుగునా ఆమె ఆయనను తిడుతూ ఉండేదట, రాళ్ళ మీద తోస్తున్నావని. ఆయన వెనక ఉండేవాడు. పెదవులు కనబడవు, ఒక్క తిట్టూ వినబడదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా తిట్టేది.

వానల్లో ఆ బాట బురదయ్యేది. చక్రాలు దిగబడితే భుజం పెట్టి లేపేవాడు. నేను మనిషిని పెడతానంటే వద్దన్నాడు. “మనిషిని వెట్టుడు గాదు బిడ్డా. నేనే పోవాలె.” రెండేళ్ళూ ఒక్క రోజు కూడా మానలేదని లచ్చవ్వ చెప్పింది. మూడో ఏడు చలికాలంలో జ్వరం వచ్చి పోయాడు. నేను జుక్కల్‌లో ఉన్నాను. కబురు చేరేసరికి అంతా అయిపోయింది.

ఇప్పుడు పరీక్షకు వెళ్ళినచోటల్లా సలాక చిన్నవాడి చేతికిస్తాను. నేను నోరు విప్పకముందే అతను విన్నది పైకి చెప్పాలి. ముందు అతని మాట రాసి, తర్వాత నాది రాస్తాను. నరహరికి మొదట్లో ఇది కష్టంగా ఉండేది. పెద్దవారి ముందు ఎలా చెప్పడమని నసిగేవాడు. ఒకసారి నేను కావాలనే డొల్ల గడిని ‘గట్టి’ అన్నాను. అతను తల వంచుకొని ఊరుకున్నాడు. ఆ రోజు అతనితో గంగారాం కథ మొత్తం చెప్పాను. ఈ ఉదయం గోదాములో మాత్రం నా వైపు చూడకుండానే, గుత్తేదారు ముందే, “ఇది డొల్ల సార్,” అన్నాడు.

ఆయన పోయాక లచ్చవ్వను తోయడానికి ఎవరూ కుదరలేదు. ఒకరిద్దరు ఒప్పుకొని, నాలుగు రోజులు వచ్చి మానేశారు. నేను ఎల్లారెడ్డిలో పని పడ్డప్పుడు పొద్దున్నే వెళ్ళి తోస్తాను. నెలకు రెండు రోజులు, ఒక్కోసారి మూడు. మిగిలిన రోజుల్లో ఆమె గుమ్మంలో కూర్చుని ఆసుపత్రి వైపు చూస్తూ ఉంటుంది. కాన్పు కష్టమైతే ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి ఏం చేయాలో అడిగి, మళ్ళీ పరుగెత్తుతుంది. పోయిన నెల ఆమె గడప నుంచి ఆసుపత్రి మెట్టు దాకా టేపు పెట్టి కొలిచాను. ఆయన రెండేళ్ళు రోజూ తోసిన దారి నూట నలభై ఆరు గజాలు, అంతే.