అణువులతో నేలను తూచిన మేడం

అరకులో గుల్ల నేల మీదున్న కాఫీ గోదామును సగం అద్దెకే కొట్టేసిన మొనగాణ్ణి నేను. నేల గుల్లని కనిపెట్టింది పరిశోధన చేసే ఒక మేడం. భూమి లాగే బలాన్ని కొలిచే గదంత యంత్రాన్ని చిప్పు మీదికెక్కించి అగ్గిపెట్టెంత చేసింది. అందులో అణువుల్ని జారవిడిచేది. కింద గుల్లయితే అవి రవ్వంత నెమ్మదిగా పడతాయట. ఎవరైనా నోరు తెరిస్తే పెదవుల మీద వేలు పెట్టి "ష్, పడుతున్నాయి" అనేది.

"అణువులకి సెవులుంటాయేటి మేడమ్?" అని నవ్వి, ఆవిడ మాటే చెప్పి గోదాము ఓనరు దగ్గర అద్దె విరగ్గొట్టాను.

వానల్లో మేడం గోదాములో మళ్ళీ కొలుస్తూ, "బయటికి పదండి!" అని అరిచింది.

"మరి నా కాఫీ బస్తాల మాటేటి మేడమ్?" అన్నాను.

చెంప పగలగొట్టి, జుట్టు పట్టి ఈడ్చుకొచ్చింది. మా వెనకే నేల గోడల్ని నమిలి మింగింది. పరికరం లోపలే పోయింది.

"ఇంకోటి లేదు," అంది.

లెక్క తేల్చాను. బస్తాలు, ఒక పన్ను నా నష్టం. ఆవిడ ఏళ్ల పని కూడా నా ఖాతాలోదే. దక్కింది నేనొక్కణ్ణే, ఎంత బేరమాడినా నాకంత ధర పలకదు.